ఐదో దెబ్బ

పోయిన ఎండాకాలం, చింతపండు కొట్టే రోజుల్లో, మా ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. నేను వాకిట్లో కూర్చుని గింజలు తీస్తున్నాను. పోస్టుమ్యాన్ బండి ఆపి, అలవాటు చొప్పున సంచిలోంచి ఇంకు డబ్బీ తీశాడు, వేలిముద్రకు.

"పెన్ను ఈప్పా," అన్నాను.

అతను నన్నూ పెన్నునూ మార్చి మార్చి చూసి ఇచ్చాడు. లక్ష్మీనరసమ్మ అని రాయడానికి నాకు అప్పట్లో ఒక నిమిషం పట్టేది. 'క్ష్మీ' దగ్గర కాస్త ఆగి, ఊపిరి తీసుకుని దిగేదాన్ని. అతను పాపం ఎండలోనే నిలబడ్డాడు.

"యాభై తొమ్మిదేండ్లకు నేర్చుకున్యా," అన్నాను. "తొందర పెడితే తప్పు పోతాది."

"నేనేమన్లేదు మా."

పార్సిల్ మీద పేరు ఇంగ్లీషులో ఉంది. నా కోడలు యామిని నాకు రెండేళ్ళలో తెలుగంతా నేర్పేసి, ఆ ఉగాది నుంచి ఇంగ్లీషు పెద్ద అక్షరాలు పట్టించింది. ఎక్కడ కాగితం కనబడినా కూడబలుక్కోవడం నాకు కొత్త జబ్బు. సబ్బు మీది కాగితాన్ని కూడా వదిలేదాన్ని కాదు. ఒక్కో అక్షరమే పట్టుకుని పోతుంటే సగంలోనే తెలిసిపోయింది. అది మా ఆయన పేరు. వీరభద్రయ్య. ఆయన పోయి అప్పటికి మూడేళ్ళు.

"యామినీ, బేగా రా," అన్నాను. "మీ మామకు పార్సిలొచ్చింది."

లోపల చేట వెడల్పు అట్ట. దాని మీద నీళ్ళు నిలిచిన పొలం, నడుమ ఒంటరిగా ఒక రాయి. అట్టలోంచి నల్లటి ప్లేటు జారింది. మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో మైకు సెట్టువాళ్ళు తిప్పే పాటల ప్లేటు. దాంతోపాటు ఒక ఉత్తరం. యామిని ఇంగ్లీషులో చదువుకుంటూ నాకు తెలుగులో చెప్పింది.

రాసినాయన పేరు రూబెన్, హాలండు దేశం. ఆరేళ్ళ కింద రాళ్ళ పని చూడడానికి ఆళ్లగడ్డకు ఇద్దరు తెల్లవాళ్ళు వచ్చారు, అందులో పొడుగాటి మనిషి. నాకు గుర్తే. మైకుకు పిల్లితోక లాంటి బొచ్చు తొడిగి, దాన్ని మా శిల్పాల కొట్టం గుంజకు కట్టి, మూడు రోజులు అట్లే వదిలేశాడు. ఏందప్పా అని మా ఆయన అడిగితే, చప్పుళ్ళు పట్టుకుంటున్నా అన్నాడట. బొమ్మ కొనకుండా చప్పుడు పట్టుకుపోయే మనిషిని మా వీధిలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

రూబెన్ వాళ్ళ బృందంలో డ్రమ్ములు వాయిస్తాడు. ఇది వాళ్ళ కొత్త ప్లేటు. మాటలు దాదాపు లేవు, అంతా వాయిద్యమే. మూడు నెలలు పోతే గాని ఫోన్లలోకి రాదు. ప్లేటు రెండో పక్కంతా ఒకే బాణీ, ఇరవై రెండు నిమిషాలు. దాన్ని మొత్తం మా కొట్టంలో పట్టుకున్న ఉలి చప్పుడు మీద కట్టారట.

యామిని ఆపి ఆపి చదివింది. "అయ్యా, మేము మామూలుగా నాలుగు లెక్కతో వాయిస్తాం. మీ ఉలి ఐదు దెబ్బలకు ఒకసారి తిరుగుతుంది. ఆ ఐదును అర్థం చేసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఐదో దెబ్బ మిగిలిన నాలుగులాగా ఉండదు. అది ఎందుకో చెబుతారా? ఉలి వాయించినవారు అని అట్ట వెనక మీ పేరు వేశాం. జూన్‌లో మళ్ళీ అచ్చు వేస్తున్నాం. తప్పులుంటే మే నెలాఖరులోగా రాయండి."

ఐదు అన్న దగ్గర నా చేతిలో చింతపండు అట్లే ఉండిపోయింది. మా ఆయన ఐదు కొట్టడం నేను ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి వినలేదు. ఆయన చెయ్యి గడియారం లాంటిది. రెండు, రెండు. ఐదు కొట్టే మనిషి ఎవరో నాకు తెలుసు. కానీ చెవితో వినకుండా నోటితో ఎట్లా అంటాం?

ఉత్తరం చూసి నా కొడుకు విజయభాస్కర్ నేల మీద నిలవలేదు. వాళ్ళ నాయన బతికున్నప్పుడు వాడు బెంగళూరులో టైల్స్ పనిలో ఉండేవాడు. ఆయన పోయాకే వచ్చి కొట్టం పట్టాడు. అక్కడ రోడ్డు వైపు ఒక నంది ఉంటుంది, అమ్మకానికి కాదు. నాయన చేతి ఆఖరి నంది అని, పొద్దున్నే దాని మూపురం తాకి గాని వాడు రాయి కోసే మిషను ఆన్ చెయ్యడు. పని కూడా దాన్ని చూసే నేర్చుకున్నాడు. ఆ నంది మెడ కింద గంగడోలు మడతలు నిజం ఎద్దుకు వేలాడినట్టే ఉంటాయి. వాడికి అవి మాత్రం రాలేదు. ఎంత చెక్కినా గట్టిగా, ఇస్త్రీ పెట్టినట్టు వస్తాయి. ఆ ఎండాకాలమే వెలుగోడు దగ్గర ఒక ఊరి గుడి కమిటీ ఆయన వచ్చి, ఆ నందిని చూసి, "ఇదే చెయ్యి కావల్ల," అని గుడికి పెద్ద నంది చెయ్యమని చెప్పిపోయాడు. కొడుకు ఊ అన్నాడు గాని, ఆ రోజు నుంచి వాడికి సరిగ్గా తిండి లేదు.

ఇప్పుడీ ఐదు వచ్చి పడింది. వీధిలో ఉన్న శిల్పులందరినీ అడిగి వచ్చాడు. పంచభూతాలని ఒకరు, శివునికి ఐదు ముఖాలని ఒకరు. చివరికి వాడే తేల్చాడు.

"నమశ్శివాయ. అక్షరాలు ఐదే గదా. నాయన మనసులో జపం చేస్కుంటా కొట్టేటోడు."

"మీ నాయన రాయిని తిట్టుకుంటా కొట్టేటోడు," అన్నాను.

"నువ్వూరుకో మా."

ఊరుకున్నాను. కానీ ఆ ప్లేటు వినాలి. అది మాత్రం ఊరుకునేది కాదు.

యామినితో డిగ్రీ చదివిన సబా వాళ్ళ తాత అబ్దుల్ గఫార్ గారు. నంద్యాలలో గాంధీ చౌక్ వెనక సందులో యాభై ఏళ్ళు రేడియోలు బాగుచేశాడు. ప్లేట్లు తిప్పే మిషను ఆయన దగ్గర ఇంకా ఆడుతోందని సబా చెప్పింది. ఒక ఆదివారం నేనూ కొడుకూ కోడలూ ఏడు గంటల బస్సుకే బయలుదేరాం. ప్లేటును నేను ఒడిలో పెట్టుకున్నాను. శిరివెళ్ళ దగ్గర బస్సు గుంతలో పడితే, పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. చేతిలో బనగానపల్లె మామిడిపండ్ల సంచి.

గఫార్ గారు అట్టను కళ్ళద్దాల దగ్గరగా పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు.

"ఈ వాయించేటోళ్ళ పేరేందన్నా?" అన్నాను. "నేను అక్షరాలన్నీ పట్టుకున్యా గానీ, కూడేసరికి నోరు తిరగల్యా."

"నోటితో కాదు మా, గొంతుతో తియ్యాల్ల. మా అరబ్బీలో ఉంది ఇట్లాంటిది." ఆయన గొంతులోంచి గరగరమని ఒక శబ్దం తీశాడు. నేనూ ప్రయత్నించాను. దగ్గు వచ్చింది. సబా నీళ్ళు తెచ్చిచ్చింది.

"ఈ మాదిరి వాయిద్యాన్ని రాక్ అంటారు," అన్నాడు గఫార్ గారు.

"రాక్ అంటే రాయే గదా," అన్నాడు నా కొడుకు. "మా నాయన వాయించింది రాయే."

ఆయన ప్లేటును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ఊది, మిషను మీద పెట్టి ముల్లు దించాడు. కాసేపు గరగర. తర్వాత టక్ టక్. టక్ టక్. ఆగి, మళ్ళీ టక్ టక్.

ఆయనే. నాకు తల తిప్పి చూడాలనిపించింది, నా వెనక కూర్చున్నాడేమోనని. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆయన గొంతు సవరించుకోవడం కూడా వినిపించింది, చిన్నగా. నా కొడుకు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మూడు నిమిషాలుంది అది. దాని వెనకనే పెద్ద హార్మోనియం లాంటిది లేచింది, చప్పుడు అందులో కలిసిపోయింది. ఆ పక్కలో ఆయన మళ్ళీ రాలేదు.

గఫార్ గారు ప్లేటు తిప్పాడు.

రెండో పక్క. నాలుగు గట్టి దెబ్బలు, ఒకటి సన్నగా, గంట కొసను గోటితో తట్టినట్టు. మళ్ళీ నాలుగు, ఒకటి.

ఎవరిదో వేరే చెప్పాలా. ఆ తెల్లవాళ్ళు వచ్చిన ఏడు మా ఆయన కుడి మణికట్టు వాచి, సుత్తి ఎక్కువసేపు నిలిచేది కాదు. ఒప్పుకున్న పనులు ఉన్నాయి. మా వీధిలో ఆడవాళ్ళు విగ్రహాన్ని ఇసుకరాయితో రుద్దొచ్చు, నూనె పట్టించొచ్చు, ఉలి మాత్రం పెట్టకూడదు. అందుకని కొట్టం వెనక పచ్చపట్టా తెరగా కట్టి, దాని వెనక నన్ను కూర్చోబెట్టాడు. ఉలి నాకు కొత్త కాదు, ప్యాపిలిలో మా నాయన రోళ్ళు, తిరగళ్ళు కొట్టేవాడు. ఆయన పక్కనే పెరిగాను. ఆ తెల్లాయన మైకు కట్టిన గుంజ పట్టాకు ఆనుకునే ఉండేది. పగలంతా మా ఆయన వాళ్ళకు ముందర టీలు తాగిస్తూ మాట్లాడేవాడు, నేను వెనక కొట్టేదాన్ని. వాళ్ళు పోతూ పోతూ బోర్డు మీద ఉన్న పేరు రాసుకుపోయారు.

బాణీ సాగుతోంది. పిల్లనగ్రోవి వచ్చింది, గిటార్లు వచ్చాయి, అంతా కలిసి ఎక్కడికో పరిగెత్తింది, ఉన్నట్టుండి ఆగి, మళ్ళీ ఉలి దగ్గరికి వచ్చింది.

"పాట ఎప్పుడు మొదులవుతాది సామీ?" అన్నాడు కొడుకు.

"సగం అయిపాయె నాయనా," అన్నాడు గఫార్ గారు. "నువ్వింకా మొదులు కోసం చూస్తాండావ్."

నాకు మాత్రం తోవ దొరికింది. నందిని చెక్కేటప్పుడు ఒకచోటనే కూర్చోం. వీపు మీద కాసేపు, కాలి దగ్గర కాసేపు, మెడ దగ్గరికి పోయి నచ్చక మళ్ళీ వీపు. పక్కనున్నవాడికి తిక్కగా కనబడుతుంది. చెక్కేవాడికి లోపల నంది కనబడుతూనే ఉంటుంది. వీళ్ళూ అదే చేస్తున్నారు. ఏమి చెక్కుతున్నారా అని చెవి పెట్టి కూర్చున్నాను. అన్నీ సద్దుమణిగాక, చిట్టచివర ఒక ఆడగొంతు నాలుగు వరుసలు పాడింది, వాళ్ళ భాషలో. వాయిద్యాలన్నీ ఆగి ఆమెకు చోటిచ్చాయి. తర్వాత ఉలి ఒక్కటే. నాలుగు, ఒకటి.

గఫార్ గారు ముల్లు ఎత్తి, నా మోకాలి వైపు చూశాడు. "ఏం మా, నీ వేలు ప్లేటు కంటే ముందే పోతాంది?"

చెయ్యి కొంగు కిందికి లాక్కున్నాను. కొడుకు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. గఫార్ గారు సంచి వైపు తిరిగాడు. ఒక మామిడిపండు తీసి వాసన చూసి, "బాగా మాగినాయి," అన్నాడు.

ఇంటికొచ్చాక ఇరవై రోజులు నేను నోరు విప్పలేదు. విప్పితే వాడు పొద్దున్నే తాకే నంది వాళ్ళ నాయనది కాకుండా పోతుంది. కమిటీకి తెలిస్తే, ఆడమనిషి ఉలి పెట్టిన కొట్టమని వాడి పనే పోవచ్చు. విప్పకపోతే ఇంతదూరం పోయి తిరిగొచ్చిన నా ఐదో దెబ్బ మీద ఇంకొకరి పేరే ఉంటుంది. నా పేరు రాయడం రాని రోజుల్లో అయితే ఈ బాధ ఉండేది కాదనుకుంటాను.

మే నెల పద్దెనిమిదో, ఇరవయ్యో. కొడుకు జవాబు రాసి, ఇంగ్లీషులోకి మార్చమని యామినికిచ్చాడు. ఆ పిల్ల నాకు చదివి వినిపించింది. పంచాక్షరి, జపం, తపస్సు, అన్నీ ఉన్నాయి.

"ఎట్లుంది అత్తా?"

"బాగుంది. పురాణం మాదిరి ఉంది."

యామిని నా మొహంలోకి చూసింది. "నిజం గాదా?"

నేను లేచి పెరట్లోకి పోయాను. మా రోలు అరిగి నున్నబడి చాలా రోజులైంది, పప్పు నలగకుండా జారుతోంది. గాట్లు పెట్టించాలని యామిని ఎప్పటినుంచో అంటోంది. బియ్యపు డ్రమ్ము వెనక గోనెలో చుట్టి దాచిన నా ఉలీ సుత్తీ తీశాను. మూడేళ్ళుగా వాటిని చేత పట్టలేదు. మొదటి నాలుగు దెబ్బలు ఎటో పోయాయి. తర్వాత చెయ్యే దారి పట్టుకుంది.

ముందర కొట్టంలో మిషను చప్పుడు ఆగిపోయింది.

వాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒళ్ళంతా రాతిపొడి, కనుబొమ్మలు కూడా తెల్లగా. నేను తల ఎత్తలేదు.

"ఇంగోసారి కొట్టు మా."

కొట్టాను.

"ఐదోది ఎందుకు?"

"కొడతాంటే ఉలి మొనకు పొడి పట్టుకుంటాది. పైకి లేపి పక్కన ఒకటి తడితే రాలిపోతాది. మా నాయన చెప్పినాడు, రాయికి నాలుగు, ఉలికి ఒకటి అని."

"అంతేనా?"

"అంతే."

వాడు రోలు పక్కన గొంతుక్కూర్చున్నాడు. గాట్ల మీద వేలు పెట్టి చూశాడు. రోడ్డు వైపు తల తిప్పి అడిగాడు.

"మరి ఆ నంది?"

"కండ్లు మీ నాయనవి."

వాడు లేచి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం అన్నానికి రాలేదు. మరుసటి రోజు పొద్దున నందిని తాకకుండా పక్క నుంచి పోయాడు, ఆ మరుసటి రోజు కూడా. యామిని పెట్టింది తిని, అడిగినదానికి జవాబు చెప్పి, అంతే. పురాణం ఉత్తరం మాత్రం పొయ్యి పక్కన చిత్తుకాగితాల్లో కనబడింది. నేను తప్పు చేశానా అని ఆ రెండు రోజులూ చింతగింజలు లెక్కపెట్టినట్టు ఆలోచించాను.

మూడో రోజు పెరట్లోకి వచ్చాడు. మాట నా మొహం చూసి కాదు, రోలును చూసి.

"గంగడోలు మడత నాకు రాల్యా. ఎట్ల తీసినావు?"

"మడతను చెక్కగూడదురా. రెండు మడతల నడుమ సందు చెక్కాల్ల. మడత దానంతటదే నిలబడతాది."

"చూపిచ్చు."

"పట్టా కట్టు."

"ఎందుకు? ఎండ ల్యా ఆడ."

కట్టలేదు. పెద్ద నంది మెడ దగ్గర, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడేటట్టు, ఇద్దరం కూర్చున్నాం.

కమిటీ ఆయన వచ్చింది అప్పుడే, నెలాఖరుకు మూడు రోజులుందనగా. బండి స్టాండు వేసి, నా చేతిలో ఉలి చూసి, అక్కడే ఆగాడు.

"ఈయమ్మ ఏం చేస్తాంది ఈడ?"

"మెడ చేస్తాంది," అన్నాడు కొడుకు. "నువ్వు ఇదే చెయ్యి కావల్ల అంటివే అన్నా, ఆ నంది గూడా మాయమ్మదే. కండ్లు మా నాయనవి."

నేను కొట్టడం ఆపాను. ఆయన మొదటి నంది దగ్గరికి పోయి దాని మెడ కింద చెయ్యి పెట్టాడు. తర్వాత వచ్చి దీని మెడ చూశాడు. మీసం దువ్వుకున్నాడు.

"దీనికి కండ్లు ఎవరు తెరుస్తారు?"

"నేనే," అన్నాడు కొడుకు.

"ఊర్లో అడగాల్ల," అని బండి తీసుకుని పోయాడు.

ఆ కబురు ఇంకా రాలేదు. పెద్ద నందికి మెడ, డొక్క, తోక, అన్నీ అయ్యాయి. కళ్ళు తెరవకుండా కొట్టంలోనే కూర్చుని ఉంది, మొదటి నందికి తోడుగా. అడిగితే, "రాకపోతే ఇంగో ఊరొస్తాది," అంటాడు కొడుకు. కానీ వెలుగోడు వైపు నుంచి బండి వస్తే తల ఎత్తి చూస్తాడు. పొద్దున ఆ మొదటి నంది మూపురం తాకడం మళ్ళీ మొదలుపెట్టాడు. తాకి, దాని కళ్ళు కూడా ఒకసారి చూస్తాడు.

కమిటీ ఆయన బండి తీసుకుపోయిన ఆ మధ్యాహ్నమే నేను కాగితం తీసుకున్నాను. నా జన్మలో మొదటి ఉత్తరం. రాయడానికి రెండు పూటలు పట్టింది. ఇంగ్లీషులోకి మారుస్తానంది యామిని.

"వేరే కాగితం మీద మార్చు. నాది అట్లే పోనీ," అన్నాను. "ఐదు కోసం రెండేండ్లు కష్టపడినోడు, దీనికి రెండు రోజులు పడనీ."

రాయడం అయిన రోజే ఫొటో తీసి పంపింది. అసలుది నేనే పోస్టులో వేశాను. ఇంతే ఉంది అందులో:

"రూబెన్ గారికి, ఆళ్లగడ్డ నుంచి లక్ష్మీనరసమ్మ రాయునది. మా ఆయన వీరభద్రయ్య మూడేళ్ళ కింద కాలం చేశారు. ప్లేటు మొదటి పక్క రెండు రెండుగా వినబడేవి ఆయన దెబ్బలు. ఆయన పేరు తీయవద్దు. రెండో పక్క ఐదు దెబ్బలు నావి. నా పేరు తెలుగులోనూ, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనూ కింద రాశాను, చూసి వేయండి. ఐదో దెబ్బ రాయికి కాదు, ఉలికి. మొనకు పట్టిన పొడి రాలడానికి అట్లా తడతాము. మీకు రెండేళ్ళు పట్టిందని తెలిసి బాధ అనిపించింది. అప్పుడే అడిగి ఉంటే చెప్పేదాన్ని, పట్టా వెనకే ఉన్నాను. మీ వాయిద్యం బాగుంది. తిరిగి తిరిగి ఇంటికి వస్తుంది. చివర్లో ఆమె పాడిన నాలుగు వరుసలు నాకు తెలియలేదు. అంతసేపు మాట లేకుండా ఉండి, ఆఖరుకు ఆమె ఏం చెప్పిందా అని రోజూ అనుకుంటున్నాను. తెలుగు వచ్చినవాళ్ళతో రాయించి పంపండి. అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయమనండి. నేనే చదువుకుంటాను."